మాల్టా చూసే వరుస: వాలెట్టాను ఆఖరున పెట్టుకోండి

మధ్యధరా సముద్రంలోని చిన్న దీవుల దేశం మాల్టాకు పోతున్నామని తిరుపతి నుంచి ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒకటే: హైపోజియం టికెట్ తీసుకున్నారా? హోటల్ కన్నా ముందు అది చూసుకోవాలి. పావొలా అనే ఊళ్లో, ఇళ్ల కింద, రాతిని తొలిచి మూడంతస్తుల లోతుకు దించిన సమాధి మందిరం అది. 5,000 ఏళ్ల పైబడినది. లోపలి గాలి, తేమ చెడితే గోడల మీది ఎర్రరంగు పోతుందని రోజుకు 80 మందినే పంపుతారు, విడతకు పదిమంది. మన శ్రీవారి 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో వదలగానే ఎట్లా అయిపోతాయో ఇవీ అంతే. తేదీలు ఖరారైన రోజే కూర్చుని తీసేసుకోండి. అక్కడికి పోయాక చూద్దాంలే అంటే దొరకదు. ఆరేళ్ల లోపు పిల్లలను రానివ్వరు, లోపల ఫోటోలు తీయనివ్వరు.

నేను తిరుపతిలో హైస్కూలు పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరైనదాన్ని. మా అమ్మాయి మాల్టాలో నర్సు. మన పిల్లలు చాలామంది అక్కడ ఆస్పత్రుల్లో పనిచేస్తున్నారు కాబట్టి, వాళ్లను చూడడానికి పోయే అమ్మానాన్నల కోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నా. పిల్లలకు డ్యూటీలుంటాయి, సెలవులు దొరకవు. మనమే బయల్దేరి చూసుకోవాలి. చూసుకోగలం కూడా. ఇంగ్లీషు అక్కడ అధికార భాషే, బోర్డులన్నీ చదువుకోవచ్చు. బండ్లు మనలాగే ఎడమ పక్కన పోతాయి, రోడ్డు దాటేటప్పుడు తికమక ఉండదు.

దేశమంతా కలిపి 316 చదరపు కిలోమీటర్లు. పెద్ద దీవి ఈ కొస నుంచి ఆ కొసకు 27 కిలోమీటర్లే. అందుకని చాలామంది దిగగానే రాజధాని వాలెట్టాకు పోయి, నాలుగు ఫోటోలు దిగి, మిగతావి ఏది ముందు దొరికితే అది చూసేసి వస్తారు. అట్లా చేయొద్దు. కాలం వరుసలో చూడండి. మొదట రాతి గుళ్లు, తర్వాత పాత రాజధాని ఇమ్దీనా, ఆపైన బిర్గు, ఆఖరున వాలెట్టా. వాలెట్టా ఒక యుద్ధం నేర్పిన పాఠంతో కట్టిన ఊరు. ఆ యుద్ధం ఎక్కడ జరిగిందో చూడకుండా పోతే అందమైన వీధులు కనిపిస్తాయి గానీ అవి అక్కడే ఎందుకున్నాయో తెలియదు.

వీసా సంగతి త్వరగా చెప్పేస్తా. మాల్టా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమిలో) ఉంది, కాబట్టి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ బీమా తప్పనిసరి. పిల్లల దగ్గర ఉండేటట్టయితే వాళ్ల ఆహ్వాన పత్రం, ఇంటి అద్దె కాగితాలు ముందే తెప్పించుకోండి. మనకు చెన్నై నుంచి దుబాయ్ మీదుగా పోవడం తేలిక. ప్లగ్గులు బ్రిటిష్ రకం, దళసరి చదరపు మూడు పిన్నులవి. ఒక అడాప్టర్ ఇక్కడే కొనుక్కుని పోండి.

మార్చి నుంచి మే దాకా, లేదంటే అక్టోబరులో పోండి. ఎండలు మనకు కొత్త కాదని జూలైలో బయల్దేరకండి. అక్కడ చెట్టు నీడ తక్కువ, కట్టడాలన్నీ లేత పసుపు సున్నపురాయి, ఆ రాయి మీద పడిన వెలుగు కళ్లలోకి కొడుతుంది. టోపీ, చలువ కళ్లద్దాలు, అరిగిపోని అడుగున్న బూట్లు కావాలి. పాత వీధుల్లో రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి, చినుకు పడితే జారతాయి.

తిరగడానికి బస్సులు చాలు. దాదాపు అన్ని బస్సులూ వాలెట్టా ద్వారం ముందు, ట్రైటన్ ఫౌంటెన్ పక్కనున్న స్టాండుకే చేరతాయి. స్టాపులో నిలబడి ఊరుకుంటే బస్సు ఆగదు, చెయ్యి చాపాలి. నిండిపోయిన బస్సు చెయ్యి చాపినా ఆగదు, కాబట్టి పొద్దున్నే బయల్దేరండి. ఒక టికెట్ తీసుకుంటే రెండు గంటల దాకా బస్సులు మారుకోవచ్చు. వారం రోజులుంటే వారం కార్డు మేలు.

మొదటి రోజు హజార్ ఇమ్, ఇమ్నైద్రా గుళ్లకు పోండి. రెండూ దక్షిణాన సముద్రం ఒడ్డున, ఒకదానికొకటి అర కిలోమీటరు దూరంలో ఉన్నాయి. ఈజిప్టు పిరమిడ్ల కన్నా పాతవి. ఇనుము తెలియని కాలం, రాగి కూడా తెలియని కాలం. రాతి పనిముట్లతోనే 20 టన్నుల బండను నిలబెట్టారు. ఇమ్నైద్రాలో దిగువ గుడి వాకిలి ముందు నిలబడి లోపలికి చూడండి. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలు రాత్రి సమానమయ్యే రోజుల్లో పొద్దుటి సూర్యకిరణం ఆ వాకిలి గుండా నేరుగా లోపలి అరుగు దాకా పోతుంది. గుడి కట్టినవాళ్ల పేరు తెలియదు, వాళ్ల భాష తెలియదు, కానీ సూర్యుడు ఏ రోజు ఎక్కడ ఉదయిస్తాడో వాళ్లకు తెలుసు. రాళ్లు ఎండకు వానకు కరుగుతున్నాయని 2009లో పైన పెద్ద గుడారాలు వేశారు. వాటివల్ల ఫోటోలు బాగా రావని విసుక్కునేవాళ్లను చూశాను. నాకైతే ఆ గుడారాలను చూస్తే సంతోషం. మన దగ్గర ఎన్ని శాసనాలు ఎండకూ వానకూ అరిగి, చదవడానికి వీల్లేకుండా పోయాయి!

హైపోజియం చూసిన రోజే వాలెట్టాలోని పురావస్తు మ్యూజియానికి ఒక గంట కోసం పోయి రండి. హైపోజియంలో దొరికిన ‘నిద్రపోతున్న స్త్రీ’ బొమ్మ అక్కడ విడిగా, చీకటిగా ఉండే చిన్న గదిలో ఉంది. జానెడు పొడవు కూడా ఉండదు, సుమారు 12 సెంటీమీటర్లు. కాల్చిన మట్టి బొమ్మ. మంచం మీద కుడి పక్కకు ఒత్తిగిలి, తల కింద చెయ్యి పెట్టుకుని పడుకుంది. నడుము నుంచి కట్టిన బట్ట మడతలు కూడా కనిపిస్తాయి. ఎత్తైన భుజం, బలమైన చేతులు, నిశ్చింతగా నిద్ర. అద్దం దగ్గరకు పోయి, పక్క నుంచి కూడా చూడండి. మంచం కింది భాగం కూడా ఎంత శ్రద్ధగా చేశారో తెలుస్తుంది. పెద్ద బండల గుళ్లు కట్టిన చేతులే ఇంత చిన్న బొమ్మనూ చేశాయి. ఆ గదిలో పది నిమిషాలు ఉండకుండా బయటికి రాకండి.

తర్వాత ఇమ్దీనా. నైట్లు, అంటే సెయింట్ జాన్ సంఘానికి చెందిన క్రైస్తవ యోధులు, రాకముందు రాజధాని ఇదే. కొండ మీద, గోడల మధ్య ఊరు. స్థానికుల కార్లు తప్ప బండ్లు రావు. 1693 భూకంపంలో చాలా భాగం కూలింది, ఇప్పుడున్న పెద్ద చర్చి ఆ తర్వాత కట్టినదే. మధ్యాహ్నం యాత్రికుల బస్సులన్నీ ఒక్కసారే వస్తాయి, మీరు సాయంత్రం నాలుగు తర్వాత పోండి. బురుజు మీద నిలబడితే సగం దేశం కనిపిస్తుంది.

ఇమ్దీనాకు పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చోండి. దారిలో రోడ్డు వెంట రాతి కమానుల వరుస వస్తుంది. అది విన్యాకూర్ జలసేతువు. మాల్టాలో నది లేదు, చెరువు లేదు. 1615లో ఇమ్దీనా వైపు గుట్టల నుంచి సుమారు 16 కిలోమీటర్లు నీళ్లు తెచ్చి వాలెట్టాలో ఫౌంటెన్‌లోకి వదిలారు. అంతకుముందే వాలెట్టాలో ప్రతి ఇంటికీ వాననీటి తొట్టి తవ్వి తీరాలని చట్టం పెట్టారు. ఈ రోజు ఎక్కువగా సముద్రపు నీళ్లను శుద్ధి చేసి కుళాయిల్లో ఇస్తున్నారు, తాగొచ్చు గానీ రుచికి బాటిల్ నీళ్లే కొనుక్కుంటారు. నీళ్ల కోసం ఇంత పడిన దేశాన్ని రాయలసీమవాళ్లు చూడాల్సినట్టు వేరేవాళ్లు చూడలేరు.

ఇక బిర్గు. దీన్ని విత్తొరియోసా అని కూడా అంటారు. వాలెట్టా నుంచి రేవు దాటితే చాలు, చిన్న ఫెర్రీ ఉంది. 1530లో చక్రవర్తి అయిదో చార్లెస్ సెయింట్ జాన్ నైట్లకు మాల్టా ఇచ్చాడు, ఏడాదికి ఒక డేగ కప్పం. నైట్లు వచ్చి ఈ బిర్గులోనే స్థిరపడ్డారు. సెయింట్ ఆంజెలో కోట చూశాక, పక్క ఊరు సెంగ్లియా కొసన గార్డ్యోలా తోటకు నడవండి. అక్కడ గోడ మూలన రాతి కావలి గూడు ఉంది. దాని మీద కన్ను, చెవి చెక్కారు: చూస్తుంటాం, వింటుంటాం అని. ఆ గూడు పక్కన నిలబడి నీళ్లకు అవతల చూడండి. గుట్ట మీద ఎత్తుగా వాలెట్టా ఉంటుంది.

ఆ గుట్ట మీద ఊరు లేనట్టు, కొసన ఒక్క సెయింట్ ఎల్మో కోట మాత్రమే ఉన్నట్టు ఊహించుకోండి. 1565 మే నెలలో అట్లానే ఉంది. తుర్కుల ఆటోమన్ సైన్యం వచ్చి ఖాళీ గుట్ట మీద ఫిరంగులు పెట్టింది. సెయింట్ ఎల్మో నెల రోజులు నిలబడి జూన్ 23న పడిపోయింది. ఆ తర్వాత ఫిరంగులన్నీ మీరు నిలబడిన ఈ ఒడ్డు మీదికి తిరిగాయి. సెప్టెంబరు 8న ముట్టడి ముగిసింది, మాల్టా నిలిచింది. ఆ తేదీ ఇప్పటికీ అక్కడ జాతీయ సెలవు. ఆ గుట్టను ఇంకెప్పుడూ ఖాళీగా వదలకూడదని పెద్ద నైటు జాన్ ద లా వాలెట్ తీర్మానించి, 1566 మార్చి 28న కొత్త ఊరికి శంకుస్థాపన చేశాడు. ఊరికి ఆయన పేరే పెట్టారు. ఊరు పూర్తి కాకముందే, 1568లో పోయాడు.

అదే 1565 జనవరిలో మన దగ్గర తళ్లికోట యుద్ధం జరిగింది. హంపి పాడైంది. అరవీటి రాజులు రాజధానిని పెనుకొండకు, తర్వాత మన చంద్రగిరికి మార్చుకున్నారు. వాలెట్టా గోడలు, చంద్రగిరి రాజమహల్ ఇంచుమించు ఒకే కాలపు భయాలకు పుట్టినవని నేను పిల్లలకు పాఠంలో చెప్పలేదు. అప్పుడు వాలెట్టా చూడలేదు. ఇప్పుడు ఎవరు అడిగినా చంద్రగిరి కోట ఒకసారి మళ్లీ చూసి మాల్టాకు పొమ్మంటున్నాను.

వాలెట్టాకు ఒక పూర్తి రోజు ఇవ్వండి, ఆదివారం కాకుండా. ఆదివారం సెయింట్ జాన్స్ చర్చిలోకి యాత్రికులను పంపరు. తొమ్మిదికల్లా ట్రైటన్ ఫౌంటెన్ దగ్గర ఉండండి. ద్వారం దాటగానే కుడి పక్కన ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో కట్టిన పార్లమెంటు, దాని పక్కనే 1942 బాంబు దాడిలో కూలిన ఒపెరా హౌస్ స్తంభాలు. వాటిని తీసేయలేదు, వాటి మధ్యనే ఇప్పుడు ఆరుబయట ప్రదర్శనలిస్తారు. మాల్టా జెండా మూలనున్న పతకం ఆ రెండో ప్రపంచ యుద్ధంలో ప్రజలందరికీ కలిపి బ్రిటన్ రాజు ఇచ్చిన జార్జ్ క్రాస్.

తెరవగానే చర్చిలోకి పోండి. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. సన్నటి మడమల చెప్పులు వద్దంటారు, కారణం కింద చూస్తే తెలుస్తుంది. నేలంతా నైట్ల సమాధులు, దాదాపు 400. రంగురంగుల పాలరాతి ముక్కలు అతికి, పుర్రెలు, కంకాళాలు, వంశ చిహ్నాలు. బయటి గోడ కోటలా సాదాగా ఉంటుంది, లోపల బంగారం. పైకప్పు మీద మత్తియా ప్రేతి నేరుగా రాతి మీదే నూనె రంగులతో బొమ్మలు వేశాడు. ఇంకో గదిలో కారవాజ్జో 1608లో వేసిన సెయింట్ జాన్ శిరచ్ఛేదం ఉంది. అయిదు మీటర్ల వెడల్పు. సగం బొమ్మ ఖాళీ గోడే. కింద పారిన నెత్తుటితోనే తన పేరు రాసుకున్నాడు. ఆయన సంతకం పెట్టిన బొమ్మ ఇదొక్కటే. ఏ గదికోసం వేశాడో ఆ గదిలోనే ఉంది.

పదకొండున్నరకు బయటపడి ఎగువ బరక్కా తోటకు పోండి. పన్నెండు గంటలకు కింది బురుజు మీద ఫిరంగి పేలుస్తారు, సాయంత్రం నాలుగుకు మళ్లీ. అక్కడ నుంచి రేవు అవతల బిర్గు, సెంగ్లియా కనిపిస్తాయి. ముందు రోజు మీరు నిలబడిన గార్డ్యోలా గూడు వెతకండి. ముట్టడి మొత్తం ఒక్క చూపులో అర్థమవుతుంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఒక మాట. వాలెట్టా ఒక వెన్నుగుట్ట మీద ఉంది. రిపబ్లిక్ వీధి ఆ వెన్ను మీద పోతుంది, చాలావరకు చదును. అడ్డ వీధులన్నీ రెండు పక్కలా కిందికి దిగుతాయి, చాలాచోట్ల మెట్లే. మా ఆయన రిపబ్లిక్ వీధి వదలకుండానే ఊరంతా చూశారు. అడ్డ వీధుల మూలల్లో నిలబడి చూసినా రంగు చెక్క బాల్కనీలు, కొసన సముద్రం కనిపిస్తాయి. రేవుకు దిగాలంటే బరక్కా తోట పక్కన 58 మీటర్ల లిఫ్టు ఉంది.

తిండి: పస్తిట్సి అని పొరలు పొరలుగా ఉండే చిన్న రొట్టె, లోపల జున్ను లేదా బఠాణీ ముద్ద. శాకాహారులు పిండిలో పందికొవ్వు వాడారా అని అడిగి తినండి, కొన్నిచోట్ల వాడతారు. బిజిల్లా అనే చిక్కుడుగింజల ముద్ద రొట్టెతో బాగుంటుంది. ఖర్జూరం పెట్టి నూనెలో వేయించే ఇమారెట్ వాలెట్టా ద్వారం బయట వేడివేడిగా దొరుకుతుంది. మిగతా పూటలకు మేము పులిహోర కట్టుకుని పోయేవాళ్లం.

గోజో దీవికి చిర్కెవ్వా నుంచి ఫెర్రీలో 25 నిమిషాలు. అక్కడ జిగంతీయా గుళ్లు, విక్టోరియాలో కోట. సముద్రంలో రాతి కిటికీ ఫోటోలు చూసి దానికోసం పోకండి, అది 2017 మార్చిలో తుఫానుకు కూలిపోయింది. కొమీనో దీవిలో నీలి మడుగు దగ్గర వేసవిలో కాలు పెట్టే చోటుండదు, నేనైతే పొమ్మని చెప్పను. మూడు రోజులే ఉంటే గోజో కూడా వదిలేయండి. బిర్గును మాత్రం వదలొద్దు, వాలెట్టాకు ముందు రోజే పోయి రండి.