మొలవని విత్తనాలను జిబ్బరెలిక్ ఆమ్లంతో లేపడం

తేమా వెచ్చదనమూ ఉన్నా విత్తనం మొలవకపోతే ముందు దాన్ని తూచండి. ఒక రోజు నీటిలో నానబెట్టి, తుడిచి మళ్లీ తూచండి. బరువు పెరగకపోతే లోపం గట్టి పైపొట్టుది. గరుకు కాగితంతో రుద్ది నీటికి దారి చేయాలి, జిబ్బరెలిక్ ఆమ్లమనే హార్మోన్ పోసి లాభం లేదు. నీళ్లు పీల్చి ఉబ్బినా మొలవకపోతేనే జిబ్బరెల్లిన్ (ఈ ఆమ్లం చెందిన హార్మోన్ల కుటుంబం) సంగతి ఆలోచించాలి.

కణాల్లో డెల్లా అనే ప్రోటీన్లు పెరుగుదలను అణచి ఉంచుతాయి. జిబ్బరెల్లిన్ తన గ్రాహకానికి (దాన్ని గుర్తుపట్టే ప్రోటీన్‌కు) అతుక్కోగానే ఆ రెండూ కలిసి డెల్లాను పట్టుకుంటాయి. అలా పట్టుబడినదాన్ని కణం ముక్కలు చేసేస్తుంది. అంటే ఈ హార్మోన్ చేసేది బ్రేకు తీయడమే. బార్లీ వంటి ధాన్యపు గింజల్లో అయితే దీనివల్ల పిండిని చుట్టి ఉండే అల్యూరోన్ పొర ఆల్ఫా అమైలేజ్ అనే ఎంజైమ్‌ను విడుదల చేస్తుంది, పిండి చక్కెరగా మారి మొలకకు అందుతుంది.

ఇక ద్రావణం. జీఏ3 (జిబ్బరెలిక్ ఆమ్లం) పొడి నీటిలో సరిగా కరగదు, నేరుగా వేస్తే రేణువులు అడుగున మిగిలిపోతాయి. 90 శాతం శుద్ధి గల పొడి 111 మిల్లీగ్రాములు తూచి, 3 మిల్లీలీటర్ల ఇథనాల్‌లో పూర్తిగా కరిగించండి. కలుపుతూనే దాన్ని 90 మి.లీ. స్వేదనజలంలో పోసి, 100 మి.లీ.కి నింపితే 1000 పీపీఎం (లీటరుకు 1000 మి.గ్రా.) వస్తుంది. మిల్లీగ్రాములు చూపే త్రాసు తప్పనిసరి. చేతి తొడుగులు వేసుకోండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఈ ద్రావణానికి అంతే నీరు కలిపితే 500, మూడు రెట్ల నీరు కలిపితే 250 పీపీఎం. మొదటిసారి ఈ మూడు గాఢతల్లోనూ 25 చొప్పున విత్తనాలు వేయండి. నాలుగో గిన్నెలో 97 మి.లీ. నీరు, 3 మి.లీ. ఇథనాల్ మాత్రమే ఉండాలి. అది లేకపోతే ఫలితం హార్మోన్‌దో నానడానిదో తేలదు. 24 గంటలు నీడలో నానబెట్టి, కడిగి, తడి కాగితం మీద పరచండి. ఇంకా ఎక్కువసేపు ముంచి ఉంచితే ఆక్సిజన్ అందక కుళ్లుతాయి.

మొలకలు పాలిపోయి, సన్నగా సాగి వాలిపోతుంటే మోతాదు ఎక్కువైనట్టే. మొలకశాతం తగ్గనంత వరకు గాఢతను సగం చేస్తూ పోండి. త్వరగా మొలిచాయని సంబరపడి బలహీనమైన నారు పెంచుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

వేడికీ క్షారగుణమున్న నీటికీ ఈ ఆమ్లం విరిగిపోతుంది. ఫ్రిజ్‌లో ఉంచి కొన్ని రోజుల్లోనే వాడేయండి. పాత ద్రావణం మీద అనుమానముంటే మెండెల్ వాడినలాంటి పొట్టి బఠానీ మొలక కొన మీద ఒక చుక్క వేయండి. వాటి పొట్టితనానికి కారణం ఈ హార్మోన్ కొరతే కాబట్టి, మందు బతికుంటే కాండం పక్క మొక్కలను దాటి సాగుతుంది. ఈ పరీక్షకు హరిత విప్లవపు పొట్టి గోధుమ పనికిరాదు. దాని డెల్లా ప్రోటీన్ ఈ హార్మోన్‌కు లొంగని రకం, ఎంత పోసినా పొట్టిగానే ఉంటుంది.