గన్‌బోటు సర్వీసు చరిత్ర రాయడం ఎలా: యాష్‌విల్ ఉదాహరణతో

యుద్ధనౌక చరిత్ర రాయడంలో మొదటి తప్పు పేరు దగ్గరే జరుగుతుంది. అమెరికా నావికాదళంలో యాష్‌విల్ పేరుతో నాలుగు నౌకలు వచ్చాయి. చైనా తీరంలో గస్తీ తిరిగిన గన్‌బోటు (ఫిరంగులున్న చిన్న యుద్ధనౌక) ఒకటి, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫ్రిగేటు (ఇతర నౌకలకు కాపలాగా వెళ్ళే యుద్ధనౌక) ఒకటి, వియత్నాంలో పనిచేసిన గ్యాస్ టర్బైన్ గన్‌బోటు ఒకటి, ఆ తర్వాత ఒక సబ్‌మెరైను. కాబట్టి పేరు పక్కనే హల్ నంబరు, అంటే నావికాదళం నౌకకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, రాసుకోవాలి. పాత గన్‌బోటు పీజీ-21, వియత్నాం బోటు పీజీ-84 (పీజీ అంటే గన్‌బోటు రకం). అయితే నంబరు ఒక్కటే చాలదు. ఫ్రిగేటుకు 1942లో మొదట ఇచ్చిన నంబరు పీజీ-101. 1943లో దాన్ని పీఎఫ్-1గా (పీఎఫ్ అంటే ఫ్రిగేటు రకం) మార్చారు. తర్వాత అదే పీజీ-101 గ్రీన్ బే అనే మరో గన్‌బోటుకు వెళ్ళింది! పేరు, నంబరు, కమిషన్ అయిన (నావికాదళ సేవలో అధికారికంగా చేరిన) తేదీ, ఈ మూడూ కుదిరితేనే నౌక ఏదో తేలుతుంది.

ఇక్కడ పీజీ-21నే తీసుకుందాం. ముందు కీల్ (నౌక అడుగు దూలం) వేసిన రోజు, జలప్రవేశం, కమిషన్ వేరువేరు గడుల్లో రాయండి. సర్వీసు లెక్క మొదలయ్యేది కమిషన్ నుంచే, అంటే 1920 జూలై 6 నుంచి. హల్ నంబర్ల పద్ధతి వచ్చింది ఆ నెల 17న. తొలి పదకొండు రోజుల కాగితాల్లో పీజీ-21 అని వెతికితే దొరకదు.

అసలు పని డెక్ లాగ్‌తో, అంటే నౌకలో రోజూ రాసే నమోదు పుస్తకంతో. అమెరికా నౌకల పాత లాగ్‌లు వాళ్ళ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉంటాయి. రోజును నాలుగేసి గంటల వాచ్‌లుగా (కాపలా వంతులుగా) విడగొట్టి రాస్తారు, సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది మాత్రం రెండేసి గంటల రెండు వాచ్‌లు. నౌక ఉన్న చోటు ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, రాత్రి 8కి నమోదవుతుంది. మొదటి విడతలో రేవులోకి వచ్చిన, వదిలిన తేదీలు మాత్రమే ఎత్తి రాయండి. అస్థిపంజరం నిలబడ్డాక రెండో విడతలో మిగతా సంగతులు నింపవచ్చు. అన్నీ ఒకేసారి ఎత్తుకుంటే మూడో నెలకే పట్టిక చిక్కుపడిపోతుంది.

పట్టిక సరిచూడటానికి తేలికైన లెక్క ఉంది. పీజీ-21 వేగం 12 నాట్లు (గంటకు 12 నాటికల్ మైళ్ళు), అంటే రోజంతా నడిచినా 288 నాటికల్ మైళ్ళే, సుమారు 533 కిలోమీటర్లు. ఒక్క రోజులో 400 మైళ్ళు వచ్చాయంటే ఏదో తేదీ తప్పు పడింది. చాలాసార్లు దీనికి కారణం టైమ్ జోనే. జపాన్ నౌకల రికార్డులు టోక్యో సమయంలో ఉంటాయి, వాషింగ్టన్ తేదీ ఇండోనేషియాలోని జావా దీవి తేదీకి వెనక నడుస్తుంది. జోన్ రాయని గంటను పట్టికలోకి ఎక్కించకండి.

ఊరి పేర్లూ అంతే. లాగ్‌లోని అమోయ్ ఇప్పటి షియామెన్, కాంటన్ ఇప్పటి గ్వాంగ్‌జౌ. డచ్చివారి స్పెల్లింగ్‌లో టీ, జే అక్షరాలతో మొదలయ్యే జావా రేవు చిలచాప్ ఇప్పుడు సీ అక్షరంతో మొదలవుతుంది. పాత స్పెల్లింగ్ అలాగే ఉంచి పక్కన కొత్త పేరు చేర్చండి, దిద్దేస్తే తర్వాత వెతికేవాళ్ళకు మూలం దొరకదు.

అన్నిటికన్నా కష్టం చివరి రోజులు. 1942 మార్చి 3న జావాకు దక్షిణాన జపాన్ డిస్ట్రాయర్లు అరాషి, నొవాకి ఈ గన్‌బోటును ముంచేశాయి. చివరి రోజుల లాగ్ దానితోనే మునిగింది. ఇలాంటప్పుడు తోటి నౌకల లాగ్‌లు తెరవాలి. మైన్‌స్వీపర్ (సముద్రంలోని మందుపాతరలు తొలగించే నౌక) విప్పర్‌విల్ ఆ రోజు యాష్‌విల్ పంపిన రేడియో సంకేతం విన్నది: మూడు ఆర్‌లు, అంటే శత్రు నౌక దాడి. జోడు గన్‌బోటు టల్సా ఆస్ట్రేలియా చేరింది. దాని కాగితాలు వెతికేటప్పుడు 1944లో పేరు టక్లోబాన్‌గా మారిందని గుర్తుంచుకోండి.

సిబ్బందిలో ప్రాణాలతో బయటపడింది ఒక్కడే. అతనూ 1945లో యుద్ధ ఖైదీగానే చనిపోయాడు. నౌక లోపల ఏం జరిగిందన్నది అతను తోటి ఖైదీకి చెప్పగా, ఆ ఖైదీ బయటికి తెచ్చిన మాట. దాన్ని "జరిగింది" అని కాక "చెప్పినట్టు తెలిసింది" అని రాయాలి. రేడియో సంకేతం, జపాన్ రికార్డు, ఖైదీ మాట మూడింటినీ ఒకే పేరాలో కలిపేయకుండా విడివిడి వరుసల్లో పెట్టండి.