వాడిన పీఆర్‌ఎక్స్‌కి ధర కట్టేదెట్లా

కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గర వాచీలు రిపేరు చేస్తాను. ఈమధ్య కుర్రాళ్లు ఎక్కువగా పట్టుకొస్తున్నది స్విస్ కంపెనీ టిస్సో వాచీ పీఆర్‌ఎక్స్. పట్టీ, కేసు ఒకే స్టీలు ముక్కలా కలిసిపోయి ఉంటాయి. 1972లో ఆడెమార్ పిగే కంపెనీ ఖరీదైన వాచీ రాయల్ ఓక్ నడిపించిన బాట ఇది. టిస్సో ఈ డిజైన్ 1978 నాటిది, ఇప్పటి మోడల్ 2021లో వచ్చింది.

ముందు సెకండ్ల ముల్లు చూడండి. సెకనుకోసారి గెంతితే క్వార్ట్జ్, అంటే బ్యాటరీది. పవర్‌మ్యాటిక్ 80, అంటే స్ప్రింగుతో నడిచే ఆటోమేటిక్ అయితే సెకనుకు ఆరు అడుగులేస్తూ జారినట్టు పోతుంది. డయల్ మీద రాత ఒకటి, ముల్లు నడక ఇంకొకటి అయితే వాచీ తిరిగి ఇచ్చేయండి. పవర్‌మ్యాటిక్‌కి పూర్తి కీ ఇస్తే 80 గంటలు నడవాలి. అమ్మేవాడు మూడు రోజులు మన దగ్గర ఉంచడనుకోండి! అందుకే సర్వీసు ఖర్చు ముందే ధరలోంచి తీసేయండి.

అసలు డబ్బంతా పైపనిలో ఉంది. భూతద్దంతో చూస్తే కేసు మీద కంపెనీ వేసిన సన్నని గీతలన్నీ ఒకే దిక్కుకు ఉండాలి, అంచులు పదునుగా తెగాలి. అంచులు గుండ్రంగా అరిగాయంటే ఎవరో బఫింగ్ (మెరుగు) పెట్టించారు. తళతళలాడుతోందని ఎక్కువ ఇవ్వకండి, నేనైతే తగ్గిస్తాను. గాజు సఫైర్, తేలిగ్గా గీరుకోదు. గీతలు నిండుగా ఉంటే మార్చిన గాజేమో అడగండి.

పట్టీ పొడవు తగ్గించడానికి తీసేసిన లింకులు తప్పకుండా అడిగి తీసుకోండి. మామూలు పట్టీలు దీనికి అతకవు. మణికట్టు లావైతే లింకులు లేనిది వద్దే వద్దు.

బేరానికి ముందు షోరూంలో అదే మోడల్ ఈరోజు రేటు కనుక్కోండి. దిగాల్సింది ఆ అంకె నుంచి, వాళ్లు చూపించే పాత బిల్లు నుంచి కాదు.