సిటీ కుర్రాళ్ల క్రైమ్ సినిమాని ఎలా చూడాలి, చూశాక ఎలా రాయాలి

చిల్లర దొంగతనాలతో మొదలై చేతికి గన్ వచ్చేదాకా వెళ్లే కుర్రాళ్ల కథ చూసి బయటికి రాగానే మనలో చాలామంది రెండే మాటలంటారు, "భలే రియలిస్టిక్‌గా తీశాడు" అని, లేదంటే "ఇలాంటివి చూసే పిల్లలు పాడైపోతున్నారు" అని. ఈ రెండు మాటలూ ఏ సినిమాకైనా సరిపోతాయి కాబట్టి చూసిన సినిమా గురించి ఏమీ చెప్పవు. నన్నడిగితే పట్టుకోవాల్సింది ఒకటే, ఆ కుర్రాడికి సినిమా ఎంత టైమ్ ఇచ్చింది, ఆ టైమ్ ఎక్కడ ఇచ్చింది అని. కత్తి తీసినప్పుడు మాత్రమే కెమెరా వాడి మీద ఉంటే మనకి కత్తే గుర్తుంటుంది, వాడు గుర్తుండడు.

మొదటిసారి మామూలుగా చూసేయండి, ఆపొద్దు, నోట్స్ రాయొద్దు, విజిల్ వేయాలనిపిస్తే వేయండి, ఎందుకంటే మీకు ఎక్కడ ఊపొచ్చిందో అది కూడా తర్వాత పనికొచ్చే సమాచారమే. రెండోసారి మాత్రం పక్కన కాగితం పెట్టుకోండి. కుర్రాడు ఇంట్లో ఉన్న సీన్లు, స్కూల్లోనో పనిలోనో ఉన్న సీన్లు, ఊరికే గోడ మీద కూర్చుని ఉన్న సీన్లు, నేరం చేసే సీన్లు, ఒక్కోదానికి ఎన్ని నిమిషాలో రాసుకోండి. లెక్క కచ్చితంగా ఉండక్కర్లేదు, సుమారుగా చాలు, సినిమా ఎటు ఒరిగిందో అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత కెమెరా ఎక్కడ నిలబడిందో చూడాలి, దీనికి మాత్రం కొంచెం ఓపిక కావాలి. మాథ్యూ కాసోవిట్జ్ 1995లో తీసిన ఫ్రెంచ్ సినిమా 'లా హైన్' దీనికి మంచి పాఠం. పారిస్ శివార్లలోని కాలనీలో ముగ్గురు కుర్రాళ్ల ఒక్క రోజు కథ అది, మధ్యమధ్యలో టైమ్ ఎంతైందో తెర మీద పడుతూ ఉంటుంది, ముందు రాత్రి అల్లర్లలో ఒక పోలీస్ పోగొట్టుకున్న గన్ ఆ ముగ్గురిలో ఒకడి దగ్గర ఉంటుంది. అందులో ఒక సీన్‌లో టీవీ వాళ్లు కారులో వచ్చి, కారు దిగకుండానే, కింద గ్రౌండ్‌లో ఉన్న ఈ ముగ్గుర్నీ అల్లర్ల గురించి ప్రశ్నలేస్తారు, మీరేమైనా తగలబెట్టారా అన్నట్టు. అప్పుడు ఊబెర్ అనే కుర్రాడు ఇదేమన్నా త్వారీయా అంటాడు. త్వారీ అంటే కారులో కూర్చుని అద్దాల్లోంచి జంతువుల్ని చూసే సఫారీ పార్క్. ఆ ఒక్క సీన్ అర్థమైతే ఈ టైపు సినిమాలన్నిటికీ అడగాల్సిన ప్రశ్న దొరికేస్తుంది, మన డైరెక్టర్ కారు దిగాడా లేదా? పైనుంచి తీసిన డ్రోన్ షాట్లు, దూరం నుంచి జూమ్ చేసిన ముఖాలు, ఆ ఏరియా పేరు రాగానే మోగే భయం మ్యూజిక్, ఇవన్నీ ఉండి కుర్రాళ్ల ఎత్తులో, వాళ్ల మధ్యలో ఒక్క షాట్ కూడా లేకపోతే దిగలేదనే లెక్క.

ఇక హింస. మన సినిమాల్లో ఎలివేషన్ అంటాం కదా, అదెలా పని చేస్తుందో తెలియాలంటే ఫైట్ సీన్‌ని సౌండ్ తీసేసి ఒకసారి చూడండి. 1989లో వచ్చిన 'శివ'లో సైకిల్ చెయిన్ లాగే సీన్ తీసుకోండి, కాలేజీ గొడవలో ఒక స్టూడెంట్ ఆయుధం పట్టుకోవడం అనేది కథలో భయపడాల్సిన విషయం, కానీ ఆ షాట్, ఆ కట్, ఆ సౌండ్ కలిసి మనల్ని సీట్లోంచి లేపుతాయి. లేవడం తప్పు కాదు, అది గొప్ప క్రాఫ్ట్, ఏ నిమిషంలో ఏ సౌండ్‌కి లేచామో రాసుకుంటే చాలు.

దీనికి ఎదురు ఉదాహరణ బ్రెజిల్ సినిమా 'సిటీ ఆఫ్ గాడ్', 2002. మొదట్లో కోడి వెంట పరిగెత్తే సీన్‌లో కత్తుల మెరుపులు, పాట, చకచకా కట్లు, అంతా హుషారు. అదే సినిమా మధ్యలో గ్యాంగ్ లీడర్ ఇద్దరు చిన్న పిల్లల్ని మూలకి నెట్టి, చేతి మీద కాల్చాలా కాలి మీద కాల్చాలా మీరే చెప్పండి అంటాడు, అక్కడ కెమెరా పిల్లాడి ఏడుపుని దగ్గర్నుంచి చూపిస్తుంది, మనం తప్పించుకోవడానికి చోటివ్వదు. ఒకే సినిమాలో హింస ఒకచోట సరదాగా, ఒకచోట భరించలేనట్టుగా ఎందుకుందో ఆలోచించండి, రివ్యూకి అసలు సరుకు అక్కడుంది. ఇంకోటి, అందులో కథ చెప్పే కుర్రాడు ఫొటోగ్రాఫర్ అవుతాడు, చివర్లో వాడి దగ్గర రెండు రకాల ఫొటోలుంటాయి, పోలీసులు గ్యాంగ్ దగ్గర డబ్బు తీసుకుంటున్నవి, గ్యాంగ్ లీడర్ శవానివి. పేపర్‌కి శవం ఫొటో ఇస్తాడు. లంచం ఫొటో బయటపెడితే ప్రాణం మీదకొస్తుంది కాబట్టి. సిటీ నేరం అనగానే మనకెప్పుడూ ఏ ఫొటో చేరుతుందో, ఏది ఆగిపోతుందో ఆ సినిమానే చెప్పేసింది.

నేరం తర్వాత ఏమైందో తప్పకుండా చూడండి, చాలా సినిమాలు ఇక్కడే దొరికిపోతాయి. దెబ్బ తిన్నవాడి ఇల్లు చూపించారా? జాన్ సింగిల్టన్ 1991లో తీసిన 'బాయ్జ్ ఎన్ ద హుడ్'లో హత్య అయిపోయాక కుర్రాడి శవాన్ని ఇంటికి మోసుకొస్తారు, తల్లి అరుపు వినాల్సిందే, కట్ చేసి మనల్ని బయటికి తీసుకుపోరు. మర్నాడు వాడి అన్న అంటాడు, టీవీలో ఎక్కడెక్కడివో గొడవలు చూపించారు, మా తమ్ముడి గురించి ఒక్క ముక్క లేదని.

క్లైమాక్స్ విషయంలో కొంచెం అనుమానంగానే ఉండండి. కుర్రాడు చివర్లో చచ్చిపోయాడు కాబట్టి సినిమా మంచి మెసేజ్ ఇచ్చింది అనేయకండి. హాలీవుడ్‌లో 1930లో రాసుకుని 1934 నుంచి గట్టిగా అమలు చేసిన హేస్ కోడ్, అంటే సినిమాల్లో ఏది చూపించొచ్చో ఏది కూడదో చెప్పే నియమాల జాబితా, ప్రేక్షకుడికి నేరం మీద సానుభూతి కలగకూడదు అంది, దాంతో నేరస్తుడికి చివర్లో శిక్షో చావో పడటం తప్పనిసరి లెక్కైపోయింది. కోడ్ పోయి దశాబ్దాలైంది, అలవాటు మాత్రం పోలేదు. రెండు గంటలు వాడిని హీరోలా చూపించి ఆఖరి అయిదు నిమిషాల్లో బుల్లెట్ దింపితే ఆ బుల్లెట్ కూడా ఎలివేషనే అవుతుంది.

నటించింది ఎవరన్నది కూడా కనుక్కోండి. నిజంగా ఆ వీధుల పిల్లలతో తీస్తే నిజం దగ్గరగా వస్తుంది, నిజమే, కానీ షూటింగ్ అయ్యాక వాళ్లేమయ్యారు అనేది కూడా ఆ సినిమా కథలో భాగమే. 1980ల మొదట్లో వచ్చిన బ్రెజిల్ సినిమా 'పిషోతే'లో వీధి పిల్లాడిగా నటించిన ఫెర్నాండో రామోస్ డా సిల్వాని 1987లో పోలీసులు కాల్చి చంపారు, అప్పటికి వాడికి పంతొమ్మిదేళ్లు. ఇది తెలిశాక ఆ సినిమాని "అద్భుతమైన సహజ నటన" అని ఒక్క లైన్‌లో వదిలేయడం నాకైతే చేతకాదు. మీరా నాయర్ వీధి పిల్లలతోనే 'సలాం బాంబే' తీశాక 1988లో అలాంటి పిల్లల కోసం సలాం బాలక్ ట్రస్ట్ మొదలైంది, అది కూడా రివ్యూలో రాయాల్సిన విషయమే.

రాసేటప్పుడు జాగ్రత్త ఒక్కటే. "రౌడీ బ్యాచ్", "ఆ ఏరియా వాళ్లు" లాంటి మాటలు సినిమావా మీవా చూసుకోండి, మీవైతే తీసేసి పాత్ర పేరు, వయసు, చేసిన పని రాయండి. అమ్మాయిలు, అమ్మలు ఏడవడానికి తప్ప ఎన్ని సీన్లలో మాట్లాడారో ఒక లైన్ రాయండి. ఆఖర్న మీ లెక్కల కాగితం తీసి, మీ అభిప్రాయం ప్రతిదానికీ ఒక సీన్ ఆధారం ఉందో లేదో చెక్ చేసి, లేనిదాన్ని కొట్టేసి పోస్ట్ చేయండి.