స్కాట్లాండ్ దీవుల నుంచి ఓడెక్కిన పూర్వీకుల జాడ తీయాలంటే

చాలామంది వెతుకులాట తప్పు చోట మొదలుపెడతారు. తాతగారి తాత జాన్ మెక్లౌడ్ అనీ, స్కై దీవి నుంచి కెనడా వచ్చాడనీ ఇంట్లో చెప్పుకుంటారు కదా, వెంటనే స్కాట్లాండ్ రికార్డుల్లో ఆ పేరు కొడతారు, జాన్ మెక్లౌడ్‌లు కుప్పలుతెప్పలుగా వచ్చి పడతారు, అందులో మనవాడెవరో తేలక రెండు రోజుల్లో విసుగొచ్చి వదిలేస్తారు. ఒక స్నేహితురాలి కుటుంబం కోసం నేను కూడా సరిగ్గా ఇలాగే మొదలుపెట్టి నెలల తరబడి తిరిగాను. చివరికి దారి చూపించింది ఆవిడ పూర్వీకుడి చెల్లెలి సమాధి రాయి. అందుకే చెప్తున్నాను, మీకు ముందు కావాల్సింది ఆయన పుట్టిన పల్లె పేరు. అది దొరికేది కూడా చాలాసార్లు ఆయన దిగిన దేశంలోనే.

కాబట్టి స్కాట్లాండ్ జోలికి వెళ్లకుండా ముందు ఆ దిగిన దేశంలోనే మొత్తం గాలించండి. సమాధి రాళ్లు, పత్రికల్లో వచ్చిన మరణవార్తలు, ఇంటి బైబిల్ మొదటి పేజీల్లో రాసుకున్న పుట్టుకలు, పెళ్లిళ్లు, చర్చి రిజిస్టర్లు. ఆస్ట్రేలియా వైపు వెళ్లినవాళ్లయితే మీ అదృష్టం, ఎందుకంటే విక్టోరియాలో 1853 నుంచి, న్యూసౌత్‌వేల్స్‌లో 1856 నుంచి మరణ ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, ఆ కాలనీకి వచ్చి ఎన్నేళ్లయిందో కూడా అడిగి రాసేవారు. చెప్పేది బతికున్నవాళ్లే కాబట్టి తప్పులుంటాయి, అయినా అది బంగారంలాంటి కాగితం.

మీ మనిషి దగ్గర ఏమీ దొరక్కపోతే ఆగిపోకండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పెళ్లికి సాక్షి సంతకం పెట్టినవాళ్లు, జనాభా లెక్కల్లో పక్కింటివాళ్లు, వీళ్లందరినీ వెతకండి. దీవుల వాళ్లు ఒంటరిగా వెళ్లింది తక్కువ, ఒకే పల్లె నుంచి చుట్టాలూ ఇరుగుపొరుగూ కలిసి వెళ్లి అక్కడ కూడా పక్కపక్కనే భూములు తీసుకునేవారు. మీవాడి రాయి మీద 'స్కాట్లాండ్' అని మాత్రమే ఉండొచ్చు, బావగారి రాయి మీద ఊరి పేరుతో సహా ఉండొచ్చు.

అన్నట్టు, పాత రాయి మీద అక్షరాలు కనిపించకపోతే ఇనుప బ్రష్‌తో రుద్దడం, బ్లీచ్ పోయడం దయచేసి చేయకండి, రాయి పాడైపోతుంది. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్లండి, లేదా టార్చ్‌ని రాయికి ఆనుకున్నట్టు పక్క నుంచి పట్టుకుని ఫోటో తీయండి, చెక్కిన గీతల్లో నీడ పడి అక్షరాలు తేలుతాయి.

రాయి మీద జిల్లా పేరు చూసి మోసపోయేవాళ్లు చాలామంది. 'ఇన్వర్‌నెస్‌షైర్' అని ఉంటే ఇన్వర్‌నెస్ పట్టణం చుట్టూ వెతుకుతారు, కానీ పాత లెక్కలో స్కై, హారిస్, నార్త్ యుయిస్ట్, సౌత్ యుయిస్ట్, బారా అన్నీ ఆ జిల్లాలోవే. లూయిస్, హారిస్ రెండూ ఒకే భూభాగం, మధ్యలో సముద్రమే లేదు, అయినా లూయిస్ మాత్రం రాస్‌షైర్ కింద ఉండేది. మల్, టైరీ, ఐలా దీవులకు ఆర్గైల్ జిల్లా చూడాలి.

ఎక్కడ స్థిరపడ్డారో తెలిస్తే ఏ దీవి నుంచి వచ్చారో కొంత ఊహించవచ్చు. కెనడాలోని కేప్ బ్రెటన్ కాథలిక్కులైతే బారా, సౌత్ యుయిస్ట్ వైపు ముందు చూడండి. కెనడాలోనే ఉన్న ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవికి 1803లో లార్డ్ సెల్కిర్క్ అనే స్కాటిష్ ప్రభువు మూడు ఓడల్లో సుమారు 800 మందిని తీసుకెళ్లాడు, వాళ్లలో ఎక్కువమంది స్కై వాళ్లు. 1846లో బంగాళాదుంప పంట కుళ్లిపోయి కరువొచ్చాక పరిస్థితి మారింది, భూస్వాములే జనాన్ని ఓడలెక్కించారు. 1851లో గోర్డన్ ఆఫ్ క్లూనీ అనే భూస్వామి సౌత్ యుయిస్ట్, బెన్‌బెక్యులా, బారాల నుంచి సుమారు 1,700 మందిని క్యూబెక్‌కి పంపాడు, ఓడెక్కనని పారిపోయినవాళ్లను పట్టుకుని మరీ ఎక్కించారు. లూయిస్ యజమాని జేమ్స్ మాథెసన్ 1851 నుంచి 1855 లోపు రెండు వేల మందికి పైగా పంపాడు, వాళ్లలో చాలామంది క్యూబెక్‌లోని ఈస్టర్న్ టౌన్‌షిప్స్‌లో, ఒంటారియోలోని బ్రూస్ కౌంటీలో కనిపిస్తారు. ఆర్క్నీ దీవుల మగవాళ్లు మాత్రం ఎక్కువగా కెనడాలో బొచ్చుతోళ్ల వ్యాపారం చేసిన హడ్సన్స్ బే కంపెనీ కొలువులో వెళ్లారు, ఆ కంపెనీ పత్రాలు కెనడాలోని విన్నిపెగ్‌లో మానిటోబా ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి, ఎవరు ఏ పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊళ్లు) నుంచి వచ్చారో చాలామందికి దొరుకుతుంది.

ఓడ ప్రయాణికుల జాబితా మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. బ్రిటన్ నుంచి బయల్దేరినవాళ్ల జాబితాలు ఉన్నది 1890 నుంచి 1960 వరకే. క్యూబెక్‌లో దిగినవాళ్ల జాబితాలు వరసగా మొదలయ్యేది 1865లో. అంతకుముందువి అక్కడొకటి ఇక్కడొకటి. దీనికి మంచి మినహాయింపు హైలాండ్ అండ్ ఐలాండ్ ఎమిగ్రేషన్ సొసైటీ, 1852 నుంచి 1857 వరకు ఐదు వేలకు దగ్గరగా జనాన్ని ఆస్ట్రేలియా పంపింది, కుటుంబాల వారీగా పేర్లు, వయసులు, ఊళ్లతో ఆ జాబితాలు స్కాట్లాండ్ జాతీయ రికార్డుల్లో ఉన్నాయి.

ఇప్పుడు స్కాట్లాండ్. ప్రభుత్వ సైట్ స్కాట్లాండ్స్‌పీపుల్‌లో పేరు వెతకడం ఉచితం, అసలు పేజీ చూడాలంటే క్రెడిట్లు కొనాలి. పుట్టుక, పెళ్లి, చావు తప్పనిసరిగా నమోదు చేయడం 1855 జనవరి 1న మొదలైంది. మీవాళ్లు అంతకుముందే వెళ్లిపోయి ఉంటే ఏం లాభం అనుకోకండి, అసలు కిటుకు ఇక్కడే ఉంది: వెళ్లినవాళ్లను వదిలేసి, ఉండిపోయినవాళ్లను వెతకండి. అక్కడే మిగిలిపోయిన అన్న 1860లో చనిపోతే ఆయన మరణ పత్రంలో తండ్రి పేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరుతో సహా ఉంటాయి, అంటే 1700ల్లో పుట్టిన దంపతుల దగ్గరికి ఒక్క కాగితంతో చేరిపోయినట్టే. పైగా స్కాట్లాండ్‌లో ఆడవాళ్లను పుట్టింటి పేరుతో కూడా నమోదు చేస్తారు కాబట్టి పెళ్లయిన అక్కచెల్లెళ్లను కూడా పట్టుకోవచ్చు.

పాత పారిష్ రిజిస్టర్లు దీవుల్లో చాలా ఆలస్యంగా మొదలయ్యాయి, మధ్యలో ఖాళీలు కూడా ఎక్కువే. బారా, సౌత్ యుయిస్ట్ వాళ్లకు కాథలిక్ రిజిస్టర్లు విడిగా చూడాలి. 1843లో స్కాట్లాండ్ అధికారిక చర్చి నుంచి ఫ్రీ చర్చి విడిపోయింది, ఆ తర్వాత లూయిస్‌లాంటి చోట్ల పిల్లల బాప్టిజాలు పారిష్ రిజిస్టర్‌లో కనిపించకపోతే కారణం అదే కావచ్చు. 1841 జనాభా లెక్కల్లో పెద్దల వయసుని ఐదుకి సర్ది రాశారు, 28 ఏళ్ల మనిషి 25 అని ఉంటాడు, టెన్షన్ పడకండి.

ఇక పేర్ల సంగతి, ఇక్కడ ఓపిక కావాలి. వీళ్లు ఇంట్లో మాట్లాడింది ఆ దీవుల సొంత భాష గేలిక్, కాగితం మీద రాసింది ఇంగ్లిష్. ఇంట్లో టోర్మోడ్ అని పిలిచే మనిషి కాగితం మీద నార్మన్. బేహగ్ ఒకచోట రెబెకా, ఇంకోచోట సోఫియా. డోనల్డ్ కెనడాలో డేనియల్ అయిపోతాడు. మొదటి కొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు పెట్టడం ఆనవాయితీ, తాతలిద్దరూ ఇయాన్ అయితే ఒకే ఇంట్లో ఇద్దరు ఇయాన్‌లు, పెద్ద ఇయాన్, చిన్న ఇయాన్. చనిపోయిన బిడ్డ పేరే మళ్లీ పెట్టారేమో అనుకుని ఒకరిని కొట్టేయకండి, ఇద్దరూ బతికే ఉండొచ్చు. పల్లెలో మనిషిని గుర్తుపట్టేది ఇంటిపేరుతో కాదు, 'ఇయాన్ డోనల్ రువరీ' అంటే రువరీ కొడుకు డోనల్ కొడుకు ఇయాన్. మీ ఇంట్లో పెద్దవాళ్లు అర్థం తెలియకపోయినా ఇలాంటి పేర్ల వరస ఏదైనా నోటికి చెప్తుంటే వెంటనే రికార్డ్ చేసుకోండి, అందులో మూడు తరాలు ఉన్నాయి.

పల్లె పేరు చేతికొచ్చాక స్థానిక చరిత్ర సంఘాలకు రాయండి, గేలిక్‌లో కొమన్ ఎహ్‌ద్రీ అంటారు. హారిస్‌లోని నార్తన్‌లో ఉన్న షల్లం కేంద్రంలో బిల్ లాసన్ దశాబ్దాలపాటు పడిన కష్టం ఉంది, ఆయన ఇంటింటి చరిత్ర కూడగట్టారు. 'మెక్‌డోనల్డ్‌ల గురించి చెప్పండి' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు వరసగా, వెళ్లిన ఏడాది, దిగిన చోటు, ఒక పేజీలో పెట్టండి. మీ దగ్గరున్నది కూడా వాళ్లకివ్వండి, వెళ్లిపోయినవాళ్లు ఏమయ్యారో వాళ్లకీ తెలియదు.

ఆఖరుగా నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ సైట్‌లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే గీసిన పాత మ్యాపులు ఉచితంగా తెరవండి, మైలుకి ఆరంగుళాలవి. లూయిస్‌ని కొలిచింది 1850 ప్రాంతంలో, అంటే మాథెసన్ ఓడలు కదిలే రోజుల్లోనే. స్కైని కొలిచింది 1870ల్లో. పల్లె దగ్గరికి జూమ్ చేసి ఇళ్లను జాగ్రత్తగా చూడండి. కప్పు ఉన్న ఇంటిని నింపి గీశారు, కప్పు పోయి గోడలే మిగిలిన ఇంటికి గోడల గీతలు మాత్రమే గీసి లోపల ఖాళీగా వదిలేశారు.