ప్రయాణం తర్వాత వదలని దగ్గు: వైద్యునికి ఏమి చెప్పాలి?

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుంచి పిల్లలను చూడటానికి అమెరికాలోని ఆరిజోనాకో కాలిఫోర్నియాకో వెళ్ళి వచ్చినవారికి జ్వరం, దగ్గు, విపరీతమైన నీరసం వారాల తరబడి తగ్గకపోతే, క్షయ ఒక్కటే కారణమని అనుకోరాదు. అక్కడి పొడినేలల్లో ఉండే కాక్సిడియాయిడిస్ అనే శిలీంధ్రం (ఫంగస్) ధూళితో పాటు ఊపిరితిత్తుల్లోకి చేరి వ్యాలీ ఫీవర్ అనే జబ్బు కలిగిస్తుంది. లక్షణాలు సాధారణంగా 1 నుంచి 3 వారాల్లో బయటపడతాయి. గబ్బిలాల గుహల్లో తిరిగినవారికి హిస్టోప్లాస్మోసిస్ అనే మరో శిలీంధ్ర జబ్బు 3 నుంచి 17 రోజుల్లో కనిపించవచ్చు.

కాబట్టి వైద్యుని వద్దకు వెళ్ళేముందు ఏ తేదీన ఏ ఊళ్ళో ఉన్నారో, దుమ్ముగాలిలో చిక్కుకున్నారో లేదో, గుహలోకి వెళ్ళారో లేదో కాగితం మీద రాసుకోండి. 'విదేశం వెళ్ళొచ్చాను' అన్న ఒక్క మాట చాలదు. మధుమేహం, గర్భం, స్టెరాయిడ్ మందుల వాడకం దాచకండి.

తెమడ పరీక్షలో క్షయ క్రిములు కనిపించకపోయినా, కేవలం ఎక్స్‌రేలోని మచ్చను బట్టి క్షయ మందులు మొదలుపెట్టబోతే, శిలీంధ్ర పరీక్షల గురించి మర్యాదగానే అడగండి. నమూనాతో పాటు ఈ అనుమానాన్ని ప్రయోగశాలకు రాసి పంపడం తప్పనిసరి, ఎందుకంటే కాక్సిడియాయిడిస్‌ను అక్కడ పెంచినప్పుడు గాలిలోకి లేచే బీజాలు సిబ్బందికే సోకే ప్రమాదం ఉంది.

కలిసి ప్రయాణించినవారిలో మరొకరు కూడా జబ్బుపడితే జిల్లా వైద్య ఆరోగ్య శాఖకు తెలియజేయండి. దర్యాప్తు చేసేవారు జబ్బుపడినవారితో పాటు ఆరోగ్యంగా ఉన్నవారినీ ప్రశ్నిస్తారు. ఇది కాలయాపనలా అనిపించినా, ఇరువురినీ పోల్చితేనే సోకిన చోటు తేలుతుంది. ఈ శిలీంధ్ర జబ్బులు సాధారణంగా మనిషి నుంచి మనిషికి సోకవు కనుక, రోగికి కంచం, గది వేరు చేయనక్కరలేదు.