బ్యాటరీ మార్చే ముందు ఒకసారి బానెట్ ఎత్తి చూడండి

పొద్దున్నే తాళం తిప్పితే కారు టక్కుటక్కుమని ఊరుకునేది. కొత్త బ్యాటరీ తప్పదన్నారు. తీరా చూస్తే ప్లస్ టెర్మినల్ చుట్టూ మైలుతుత్తం రంగులో పొడి, పెచ్చులా గట్టిపడి ఉంది. వంట సోడాతో పని తేలిపోయింది.

ఇంజన్ ఆపి, తాళం తీసి, చేతులకు తొడుగులు వేసుకోండి. 10 నంబరు పానాతో ముందు మైనస్ వైరు, తర్వాతే ప్లస్ వైరు విప్పాలి. ప్లస్ ముందు విప్పేటప్పుడు పానా కారు బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలు లేస్తాయి. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పెద్ద చెంచాడు సోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. బుసబుసమని నురగ వస్తుంది. అది ఆగేదాకా రుద్ది, తడిగుడ్డతో తుడిచి, బాగా ఆరనివ్వండి. బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది: ముందు ప్లస్, ఆఖరున మైనస్. వైరు చేత్తో తిప్పినా కదలనంత గట్టిగా ఉండాలి. పైన వేలితో కొంచెం వాజ్‌లైన్ రాస్తే పొడి త్వరగా పట్టదు. గడియారం మాత్రం మళ్లీ సరిచేసుకోవాలి, నేను రెండు రోజులు తప్పు టైమే చూసుకున్నాను.

డిస్టిల్డ్ వాటర్ పోసే రకం బ్యాటరీ అయితే మూతలు బిగించే ఉంచండి, సోడా లోపలికి పోతే యాసిడ్ బలం తగ్గిపోతుంది. ఇంత చేసినా స్టార్ట్ చేసేటప్పుడు లైట్లు మసకబారుతుంటే లోపం బ్యాటరీదో, దాన్ని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌దో అయ్యుండొచ్చు. డబ్బా ఉబ్బి కనిపిస్తే అసలు ముట్టుకోకండి, మెకానిక్‌నే పిలవండి.